తెరుచుకోని తలుపు

వాషింగ్ మెషిన్ తలుపు మొరాయించినప్పుడు నింద తాళం మీదనే పడుతుంది. అయితే చాలాసార్లు ఆ తాళం తన విధిని నిర్వర్తిస్తూ ఉంటుంది.

ఉతకడం పూర్తయింది. గిరగిర తిరిగిన తొట్టి నిలిచిపోయింది. మర్నాటి ప్రయాణానికి కావలసిన బట్టలు, పిల్లల బడి యూనిఫారాలు గుండ్రని గాజు తలుపు వెనుక తడి ముద్దగా కనిపిస్తూనే ఉన్నాయి. పిడి పట్టుకొని లాగితే మాత్రం తలుపు రాదు. రెండవసారి మరింత బలంగా లాగుతారు. మూడవసారి ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు తెస్తారు. అయిదు నిమిషాలు గడిచేసరికి పిడి విరిగి చేతికి వస్తుంది. తలుపు మాత్రం ఎప్పటివలెనే మూసి ఉంటుంది.

ముందువైపు తలుపు ఉన్న వాషింగ్ మెషిన్ గల ఇళ్ళలో ఈ అనుభవం ఎదురుకానివి అరుదు. దీనికి జంటగా మరొక ఇబ్బంది ఉన్నది. తలుపు చక్కగా మూసినట్లే కనిపిస్తుంది, మీట నొక్కితే దీపాలు వెలుగుతాయి, కాని యంత్రం కదలదు. కొంతసేపటికి తెరమీద ఏదో ఒక సంకేతం మిణుకు మిణుకుమంటుంది. తలుపు మూసుకోలేదని యంత్రం అంటుంది, మూశామని మనుషులు అంటారు. ఈ రెండు చిక్కులకూ కేంద్రం ఒకటే. అది తలుపు పక్కన, ముందు రేకు వెనుక దాగి ఉండే అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్దదైన ఒక ప్లాస్టిక్ డబ్బీ. దాని పని ఏమిటో, అది ఎట్లా ఆలోచిస్తుందో తెలిసిన ఇంట్లో తలుపులు విరగవు. అనవసరపు ఖర్చు పెరగదు. అంతకంటె ముఖ్యంగా, ప్రమాదాలు జరగవు.

ఎందుకీ కాపలా?

సాధారణ గృహోపయోగ యంత్రపు తొట్టి వ్యాసం సుమారు 48 సెంటీమీటర్లు. నీటిని పిండే ఆఖరి దశలో అది నిమిషానికి 1,200 సార్లు తిరుగుతుందనుకుందాం. అప్పుడు తొట్టి అంచు గంటకు దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. అంటే జాతీయ రహదారి మీద జోరుగా పోయే కారు వేగం. ఆ తొట్టి గోడకు అంటుకున్న ఒక కిలో బట్ట, గోడను సుమారు 380 కిలోల బరువుతో నొక్కుతుంది. ఆ సమయంలో తలుపు తెరిచి చేయి పెట్టిన వారి గతి ఊహించడం కష్టం కాదు. తిరుగుతున్న దుప్పటి కొస ఒకటి వేలికి చుట్టుకుంటే చాలు.

ఉతికే దశలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. లోపలి నీరు 60 డిగ్రీల వరకు, కొన్ని అమరికలలో 90 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. నీటి మట్టం తలుపు అంచు దాటి ఉన్నప్పుడు తలుపు తెరిస్తే ఆ వేడి నీరు ఎదుట నిలబడినవారి మీద, ముఖ్యంగా తలుపు ఎత్తుకు సరిపోయే చిన్నపిల్లల మీద పడుతుంది. ఇందువలననే గృహోపయోగ విద్యుత్ పరికరాల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం 60335లో, రెండవ విభాగపు 7వ భాగం ప్రత్యేకంగా వాషింగ్ మెషిన్ల కొరకే రాయబడింది. తలుపునకూ యంత్రానికీ మధ్య ఉండవలసిన కట్టుబాటు అందులోని ప్రధాన విషయాలలో ఒకటి.

ఈ కట్టుబాటు స్వభావం తెలుసుకోవడానికి రైలు గేటు చక్కని ఉదాహరణ. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు దగ్గర గేటు మూసి తాళం పడనిదే సిగ్నలు ఇవ్వడం సాధ్యం కాదు. సిగ్నలు ఇచ్చిన తరువాత గేటు తెరవడమూ సాధ్యం కాదు. ఒకటి రెండవదానికి కాపలా. గేట్‌మన్ మతిమరుపు మీదగాని, ఓపిక మీదగాని ఎవరి ప్రాణమూ ఆధారపడనక్కరలేదు. వాషింగ్ మెషిన్ తలుపు తాళం కూడా ఇంతే. తలుపు గడియ పడిందని అది సాక్ష్యం చెప్పనిదే నీరు రాదు, మోటారు తిరగదు, హీటరు వేడెక్కదు. లోపల ప్రమాదం తొలగిందని తెలియనిదే గడియ వదలదు.

ఒక గడియారాల పనివాడి కానుక

చాలా యంత్రాలలోని తాళం పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. దాని గుండెకాయ ఒక సన్నని లోహపు రేకు. నిజానికి అది రెండు వేరువేరు లోహాల రేకులను ఒకదానికొకటి అతికించి చేసినది. వేడి తగిలినప్పుడు ఒక లోహం ఎక్కువగా, రెండవది తక్కువగా వ్యాకోచిస్తాయి. రెండూ అతుక్కొని ఉండడం వలన ఆ జంట రేకు ఒక పక్కకు వంగుతుంది. చల్లారగానే తిరిగి నిటారుగా వస్తుంది. ఈ జంట రేకును కనిపెట్టినవాడు పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లీషు గడియారాల పనివాడు జాన్ హారిసన్. ఓడలు సముద్రం మీద తమ రేఖాంశాన్ని తెలుసుకోవడానికి వేడికీ చలికీ తప్పు చూపని గడియారం కావలసి వచ్చింది. 1740 నుంచి 1759 వరకు శ్రమించి తయారుచేసిన తన మూడవ సముద్ర గడియారంలో ఇత్తడిని, ఉక్కును జతచేసిన రేకును ఆయన అమర్చాడు. ఆనాడు సముద్రం మీద కాలాన్ని నిలబెట్టిన సూత్రమే నేడు పెరటి వరండాలో తలుపునకు గడియ వేస్తున్నది.

రేకును వేడిచేయడానికి దాని పక్కన నాణెంవంటి చిన్న పింగాణీ బిళ్ళ ఒకటి ఉంటుంది. బేరియం టైటనేట్ అనే పదార్థంతో చేసే ఈ బిళ్ళ స్వభావం విచిత్రమైనది. చల్లగా ఉన్నప్పుడు కరెంటును సులభంగా పోనిస్తుంది. ఆ కరెంటు వలననే వేడెక్కుతుంది. ఒక హద్దు దాటి వేడెక్కిన మరుక్షణం దాని నిరోధం అమాంతం పెరిగి కరెంటును దాదాపు అడ్డుకుంటుంది. అందుచేత అది తనను తాను కాల్చుకోదు. ఎంత వేడి అవసరమో అంతే నిలుపుకుంటుంది.

ఇక కథ సులభం. తలుపు మూయగానే దాని కొక్కెం తాళంలోని రంధ్రంలో దూరి ఒక జారుడు పలకను పక్కకు నెడుతుంది. మీట నొక్కగానే కరెంటు వచ్చి బిళ్ళ వేడెక్కుతుంది, రేకు వంగుతుంది, ఒక చిన్న మేకు పైకి లేచి పలకకు అడ్డంగా నిలుస్తుంది. దానితోపాటే ఒక స్విచ్చి కలుసుకొని ‘తలుపు పడింది’ అనే వార్తను యంత్రపు మెదడుకు చేరవేస్తుంది. ఇదంతా కొద్ది సెకన్ల పని. మీట నొక్కిన తరువాత చెవి ఒగ్గితే వినిపించే ‘టక్’ అనే శబ్దం ఇదే.

పని ముగియగానే కరెంటు ఆగుతుంది. రేకు మాత్రం వెంటనే చల్లారదు. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ తరువాత రెండవ ‘టక్’ వినిపిస్తుంది. అప్పుడుగాని తలుపు రాదు. మనిషి తొందరపడినా రేకు తొందరపడదు. ఈ ఆలస్యం లోపం కాదు. కరెంటు పోయినప్పటికీ తొట్టి ఇంకా తన వేగంతో తిరుగుతూ ఉండవచ్చును గనుక, అది పూర్తిగా ఆగేవరకు తలుపు పట్టి ఉంచడానికి ఈ వ్యవధి ఉపకరిస్తుంది.

ఇటీవలి యంత్రాలు కొన్నింటిలో జంట రేకుకు బదులు విద్యుదయస్కాంతంతో పనిచేసే తాళం ఉంటుంది. దానికి వేయడానికి ఒక విద్యుత్ తాకిడి, తీయడానికి మరొక తాకిడి కావాలి. పని ముగిసిన వెంటనే తలుపు తెరుచుకోవడం దీని సుగుణం. అయితే మధ్యలో కరెంటు పోతే ఇది పడిన చోటనే ఉండిపోతుంది. కరెంటు తిరిగి వచ్చి, యంత్రం ఆజ్ఞ ఇచ్చేవరకు కదలదు. తమ ఇంటి యంత్రంలో ఏ రకం తాళం ఉన్నదో తెలియాలంటే చెవులే చాలు. పని ముగిసిన వెంటనే ‘టక్’ వినిపిస్తే విద్యుదయస్కాంతం. నిమిషమో రెండు నిమిషాలో ఆగి వినిపిస్తే జంట రేకు.

తలుపు రాకపోతే

మొదటి మందు ఓపిక. ప్లగ్గు తీసి అయిదు నిమిషాలు ఆగాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే సద్దుమణుగుతాయని చెప్పినా అతిశయోక్తి కాదు.

అప్పటికీ రాకపోతే గాజు గుండా లోపలికి చూడాలి. అడుగున నీరు నిలిచి ఉన్నదా? ఉంటే నేరం తాళానిది కాదు. నీటిని బయటకు తోడే పంపుది. నీటి మట్టాన్ని కనిపెట్టే స్విచ్చి ‘ఇంకా నీరున్నది’ అని చెబుతున్నంతవరకు యంత్రం గడియ వదలదు. యంత్రం ముందువైపు అడుగున చిన్న మూత వెనుక ఒక ఫిల్టరు ఉంటుంది. చొక్కా గుండీలు, జడ పిన్నులు, రూపాయి నాణేలు, పసివాళ్ళ మేజోళ్ళు చేరుకొనే చోటు అదే. ప్లగ్గు తీసి, నీరు వేడిగా ఉంటే చల్లారేవరకు ఆగి, కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, ఫిల్టరును కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక్కసారిగా ఊడదీస్తే గదంతా చెరువవుతుంది. ఫిల్టరు శుభ్రం చేసి, నీటిని వదిలే కార్యక్రమం ఒకటి నడిపితే చాలా తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

నీరు లేకపోయినా నురుగు ఉండవచ్చు. చేతి ఉతుకుడు కొరకు తయారైన సబ్బు పొడిని ముందు తలుపు యంత్రంలో ధారాళంగా పోస్తే, లోపల పేరుకొన్న నురుగు నీటి మట్టపు స్విచ్చిని మోసగించవచ్చు. ఇటువంటప్పుడు సబ్బు లేకుండా మరొకసారి జాడించి చూడాలి.

తరువాత తెరమీద దృష్టి పెట్టాలి. పిల్లలు మీటలు నొక్కకుండా ఉండడానికి పెట్టిన ‘చైల్డ్ లాక్’ పొరపాటున పడి ఉండవచ్చు. జాడించిన నీటిని వదలకుండా నిలిపి ఉంచే అమరికను ఎవరైనా ఎంచుకొని ఉండవచ్చు. కరెంటు మధ్యలో పోయి తిరిగి వచ్చి ఉంటే, యంత్రం తన సగం పనిని కొనసాగించడానికి ఎదురుచూస్తూ ఉండవచ్చు.

ఇవేవీ కాకపోతే, పిడిని గమనించాలి. పిడి లాగినప్పుడు ఎదురుబలం లేకుండా వదులుగా ఊగుతున్నదా? అయితే పిడికీ కొక్కేనికీ మధ్య ఉన్న కడ్డీ గాని స్ప్రింగు గాని విరిగినదన్నమాట. గడియ లోపల సవ్యంగా తెరుచుకొన్నది; కొక్కేన్ని కదిలించే చేయి మాత్రం లేదు. అనుభవజ్ఞులైన పనివారు ఇటువంటి సందర్భంలో తలుపునకూ రేకుకూ మధ్య సందులో గట్టి నూలు తాడు జొనిపి, తాళం ఉన్న వైపు నుంచి లాగి కొక్కేన్ని పక్కకు జరుపుతారు. తలుపు చెక్కుచెదరకుండా వస్తుంది. ఇదే పనికి స్క్రూడ్రైవరు వాడితే గాజు చట్రమో, రబ్బరు వలయమో బలి అవుతుంది.

కొన్ని యంత్రాలలో అత్యవసర సమయంలో తలుపు తెరవడానికి ఏర్పాటు ఉంటుంది. ఫిల్టరు మూత వెనుక చిన్న పట్టీ ఒకటి వేలాడుతుంటుంది. మెల్లగా కిందికి లాగితే గడియ విడుతుంది. లాగే ముందు తొట్టి నిలిచిపోయినదనీ, లోపల నీరు లేదనీ కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలి. ఈ పట్టీ తన యంత్రంలో ఉన్నదో లేదో యజమానికి కొన్న రోజునే తెలిసి ఉండడం మంచిది. ఆ సమాచారం ఇచ్చే చిన్న పుస్తకం చాలా ఇళ్ళలో అట్టపెట్టెతోపాటే పాత సామాన్లవానికి వెళ్ళిపోతుంది.

తలుపు పడకపోతే

రెండవ చిక్కులో, అంటే యంత్రం తలుపును గుర్తించనప్పుడు, పరీక్ష బయటినుంచి లోపలికి సాగాలి. మొదట రబ్బరు వలయం చుట్టూ వేలు పోనిచ్చి చూడాలి. చేతిరుమాలు కొస ఒకటి చిక్కుకొన్నా తలుపు వెంట్రుకవాసి ఎడంగా నిలుస్తుంది. తొట్టి నిండా కుక్కిన బట్టలు తలుపును లోపలినుంచి తోస్తూ ఉండవచ్చు.

తరువాత కొక్కెం దూరే రంధ్రం. దారపు పీచు, గట్టిపడిన సబ్బు, బోరు నీటిలోని సున్నం అక్కడ పేరుకుంటాయి. పొడి బ్రష్షుతో శుభ్రం చేస్తే చాలు. అక్కడ నీరు గాని నూనె గాని పోయకూడదు, వెనుకనే విద్యుత్ స్పర్శలు ఉంటాయి. కొక్కెం కొస అరిగినదా, బీటలు వారినదా అన్నది మంచి వెలుతురులో చూడాలి.

ఆ తరువాత కీళ్ళు. తెరిచిన తలుపు మీద చేయి ఆనించి లేచేవారు, తడి బట్టల బుట్టను దానిమీద నిలిపేవారు, ఊయలవలె ఊగే పిల్లలు క్రమంగా దాని కీళ్ళను వంచుతారు. తలుపు రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి వాలితే కొక్కెం రంధ్రానికి ఎదురుగా రాదు. దీనికి పరీక్ష చాలా తేలిక. మూసేటప్పుడు తలుపును కొద్దిగా పైకెత్తి మూయాలి. అట్లా మూసినప్పుడు యంత్రం పనిచేస్తే తాళం నిర్దోషి. కీలు మరలను బిగించడమో, కీలును మార్చడమో చేయాలి.

ఇంతవరకు అన్నీ సవ్యంగా ఉంటే చెవికి పని చెప్పాలి. మీట నొక్కిన తరువాత ‘టక్’ శబ్దం వినిపిస్తున్నదా? వినిపించి కూడా యంత్రం కదలకపోతే గడియ పడుతున్నదనీ, వార్త మాత్రం చేరడం లేదనీ అర్థం. తాళంలోని స్పర్శలు మాడిపోయి ఉండవచ్చు, లేదా అక్కడినుంచి వెళ్ళే తీగ తెగి ఉండవచ్చు. శబ్దమే రాకపోతే రెండు అనుమానాలు. ఒకటి, బిళ్ళ చనిపోయి ఉండాలి. రెండవది, అసలు కరెంటే తాళం వరకు చేరకపోయి ఉండాలి. మన దేశంలో ఈ రెండవ అనుమానానికి తరచు కారణమయ్యే జీవి ఎలుక. యంత్రం అడుగుభాగం తెరిచి ఉంటే వెచ్చదనం కొరకు లోపల చేరి తీగల మీది తొడుగును కొరికివేస్తుంది. వానాకాలంలో తేమకు పచ్చబారిన ప్లగ్గు మొనలు మరొక కారణం.

కొలత, మార్పు

ఇక్కడినుంచి పని తెలిసినవారిది. తెలియనివారు కూడా ఏమి జరుగుతున్నదో గ్రహించగలిగితే, వచ్చిన మెకానిక్ చెప్పే మాటకు విలువ కట్టగలుగుతారు.

ప్లగ్గు తీసి, నీటి కుళాయి కట్టి, తాళాన్ని బయటకు తీసిన తరువాత మల్టీమీటరుతో బిళ్ళకు సంబంధించిన రెండు మొనల మధ్య నిరోధాన్ని కొలుస్తారు. చల్లగా ఉన్న ఆరోగ్యవంతమైన బిళ్ళ సాధారణంగా కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు ఓమ్‌ల వరకు చూపుతుంది. ఏమీ చూపకపోతే బిళ్ళ తెగినట్లు. దాదాపు సున్నా చూపితే అది మరింత ప్రమాదకరం. లోపల రెండు కొసలు కలిసిపోయినట్లు. స్విచ్చి మొనల మధ్య, కరెంటు లేనప్పుడు, దారి తెగి ఉండాలి. కలిసి ఉంటే స్పర్శలు కరిగి అతుక్కుపోయాయన్నమాట. అటువంటి తాళం తలుపు తెరిచి ఉన్నా ‘మూసి ఉన్నది’ అని అబద్ధపు సాక్ష్యం చెబుతుంది.

బిళ్ళ కొసలు కలిసిపోయినప్పుడు తాళానికి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ బోర్డు మీది చిన్న భాగం కూడా మాడిపోవచ్చు. తాళాన్ని చూడకుండా, బోర్డు పాడయిందని చెప్పి కొత్త బోర్డు బిగిస్తే అదీ ఆ గతే పడుతుంది. బోర్డు ఖరీదు తాళం ఖరీదుకు ఎన్నో రెట్లు. ‘బోర్డు పోయింది’ అన్న మాట విన్న వెంటనే ‘తాళం కొలిచారా?’ అని అడగడం యజమాని హక్కు.

మార్చడం పెద్ద విద్య కాదు, కాని నిదానం కావాలి. రబ్బరు వలయాన్ని ముందు రేకుకు పట్టి ఉంచే తీగ చుట్టును విప్పుతారు. వలయాన్ని తాళం ఉన్న వైపు కొంతమేర వెనక్కు మడుస్తారు. రేకు మీది రెండు మూడు మరలు తీస్తే తాళం వెనుకనుంచి చేతికి వస్తుంది. తీగలు ఊడదీసే ముందు వాటి వరుసను ఫోటో తీసుకోవడం వివేకం. కొత్త తాళం పాతదాని సంఖ్యతో సరిపోవాలి. చూడటానికి ఒకేవిధంగా ఉన్న రెండు తాళాలలో మొనల వరుస వేరుగా ఉండవచ్చు. వలయాన్ని తిరిగి గాడిలో కూర్చోబెట్టి తీగ బిగించిన తరువాత, బట్టలు వేయకుండా ఒకసారి జాడింపు నడిపి, రెండు ‘టక్’ శబ్దాలూ వినిపించాయా, నీరు కారుతున్నదా అని చూసినప్పుడుగాని పని ముగిసినట్లు కాదు. తలుపు తెరవలేనంతగా తాళం బిగిసిన సందర్భంలో, పై మూత వెనుక మరలు తీసి, యంత్రాన్ని ఇద్దరు మనుషులు కొద్దిగా వెనక్కు వాలిస్తే తొట్టి వెనక్కు జరిగి, పైనుంచి తాళం వరకు చేయి పోతుంది. ఇది మాత్రం ఇంటివారు ప్రయత్నించవలసిన పని కాదు.

‘డైరెక్టు’ చేయడం

మరమ్మతు దుకాణాల భాషలో ఒక మాట ఉన్నది: ‘డైరెక్టు చేశాను’. తాళం దొరకనప్పుడో, దాని ధర మిగిల్చుకోదలచినప్పుడో, స్విచ్చికి వెళ్ళే రెండు తీగలను కలిపి టేపు చుట్టివేస్తారు. యంత్రం వెంటనే నడుస్తుంది. యజమాని సంతోషిస్తాడు. అయితే ఆ క్షణం నుంచి యంత్రానికి తలుపు సంగతి తెలియదు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో తిరిగే తొట్టికి, ఆ ఇంట్లో తిరుగాడే పసివాడి చేతికి మధ్య మిగిలినది ఒక ప్లాస్టిక్ కొక్కెం మాత్రమే. రైలు గేటు దగ్గర ఇటువంటి పని ఎవరైనా చేస్తే దానిని నేరమంటారు. ఇంటిలో చేస్తే రిపేరు అంటున్నారు.

తాళంలోని విద్యుత్ భాగాలను తేలికగా తీసుకోరాదని చాటిన సంఘటన ఒకటి బ్రిటన్‌లో జరిగింది. 2019 డిసెంబరులో వర్ల్‌పూల్ సంస్థ అక్కడ హాట్‌పాయింట్, ఇండెసిట్ పేర్లతో అమ్మిన 5 లక్షలకు పైగా వాషింగ్ మెషిన్లను వెనక్కు పిలిపిస్తున్నట్లు ప్రకటించింది. హీటరు పనిచేసేటప్పుడు తలుపు తాళం వ్యవస్థలోని ఒక భాగం అరుదుగా అతిగా వేడెక్కి, మంటలు లేవడానికి అవకాశం ఉన్నదని తేలింది. 2014 నుంచి 2018 ఆరంభం వరకు తయారైన యంత్రాలవి. మరమ్మతు అయ్యేవరకు ప్లగ్గు తీసి ఉంచవలసిందని, తప్పనిసరైతే చల్లని నీటితో మాత్రమే ఉతకవలసిందని యజమానులకు సూచించారు.

హీటరుకూ తాళానికీ సంబంధమేమిటన్న ప్రశ్నకు జవాబు తీగల వరుసలో ఉన్నది. చాలా యంత్రాలలో మోటారుకు, హీటరుకు పోయే కరెంటు తాళంలోని చిన్న స్పర్శల గుండానే ప్రయాణిస్తుంది. 2,000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటును లాగుతుంది. స్పర్శలు అరిగి వదులైతే ఆ కరెంటు అక్కడే వేడిగా మారుతుంది. అందువలన తాళం దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, మాడు వాసన రావడం, ఉతికే మధ్యలో యంత్రం ఆగి ఆగి నడవడం వంటి లక్షణాలు కనిపిస్తే మరొక ఉతుకుడు కోసం ఆగకూడదు. ప్లగ్గు తీసివేసి మెకానిక్‌ను పిలవాలి. రాత్రి యంత్రం వేసి నిద్రపోయే అలవాటు, ఇల్లు తాళం వేసి బయటకు పోయే అలవాటు ఏనాటికైనా ముప్పు తెచ్చేవే.

ఒక సంగతి మరువరాదు. యంత్రం నడుస్తున్నంతసేపే ఈ తాళం కాపలా కాస్తుంది. ఆగిన యంత్రానికి తలుపు ఎవరైనా తెరవవచ్చును. పైనుంచి మూత తెరిచే యంత్రాలలో ఈ ముప్పు మరింత. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహిణి ప్రాంతంలో మూడేళ్ళ కవల బాలురు అటువంటి యంత్రంలోని నీటిలో పడి ప్రాణాలు కోల్పోయారు. ఏ తాళమూ ఆపలేని ప్రమాదమది. నీరు నింపిన యంత్రాన్ని విడిచి పక్కకు పోకపోవడం, వాడనప్పుడు మూత వేసి ప్లగ్గు తీసి ఉంచడం, పిల్లలు ఎక్కడానికి వీలైన పీటలు, బకెట్లు దాని పక్కన లేకుండా చూడడం పెద్దల బాధ్యత.

తాళానికి ఆయుష్షు పెంచే మార్గాలు తేలికైనవి. తలుపును విసిరి కొట్టకుండా అరచేతితో నొక్కి మూయడం, దానిమీద బరువు మోపకపోవడం, నెలకొకసారి ఫిల్టరు, రబ్బరు వలయం శుభ్రం చేయడం, అడుగుభాగానికి ఎలుకలు దూరకుండా జల్లెడ బిగించడం. ఇంతచేసినా ఏనాడో ఒకనాడు అది అరిగిపోతుంది. అప్పుడు మెకానిక్ వస్తాడు, యంత్రం మళ్ళీ తిరుగుతుంది, డబ్బు చేతులు మారుతుంది. అతడు గడప దాటకముందే పాత తాళాన్ని చూపించమని అడగాలి. చూపించలేకపోతే అతడు తాళాన్ని మార్చాడా, లేక తీగలు కలిపి పంపుతున్నాడా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి.